ఎడారిలో టిష్యూ పొట్లం

మేముండే టోవా పాయో పేటలో మా పై అంతస్తు ఆంటీ చేతిసంచిలో ఎప్పుడూ నాలుగు టిష్యూ పొట్లాలుండేవి. ముక్కు తుడుచుకోవడానికి కాదు, చోటు పట్టడానికి. తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో బల్ల మీద ఓ పొట్లం పెట్టి "చోప్ చేశా" అందంటే ఇక ఆ బల్ల ఆవిడదే. మలేసియాలో పుట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ కాపురమున్న మనిషి.

ఒకసారి సెలవుల్లో మా రెండు కుటుంబాలూ కలిసి దూరదేశంలో ఒక ఎడారికి వెళ్ళాం. మట్టిదిబ్బల మధ్య శిలాజాలు చూపించే అరగంట నడక అది. ఏం కనబడినా ముట్టుకోవద్దు, నన్ను పిలవండి అని గైడ్ ముందే చెప్పాడు. నాతోపాటు అందరికన్నా వెనకబడ్డ ఆంటీకే బాట పక్కన గోధుమరంగు ఎముక ముక్క కనిపించింది. గైడ్ అప్పటికే చాలా ముందుకు వెళ్ళిపోయాడు. ఆవిడ ఎముక పక్కన టిష్యూ పొట్లం పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద గులకరాయి ఉంచి, అతన్ని పిలవడానికి బయల్దేరింది.

"ఈ ఎడారిలో ఎవరొస్తారాంటీ?" అన్నాను.

"ఎవరూ రారులే అనుకుంటేనే వచ్చి కూర్చుంటారు లా," అంది, అలవాటుగా మాట చివర "లా" తగిలించి.

గైడ్‌ను వెంటబెట్టుకుని తిరిగొస్తుంటే దిబ్బలన్నీ నాకు ఒక్కలాగే కనిపించాయి. తెల్లటి పొట్లం మాత్రం దూరం నుంచే కనబడింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. కోట్ల ఏళ్ళ నాటి తాబేలుదట. ఇంతవరకూ ఎవరి కంటా పడలేదట. సంచిలోంచి చిన్న ఎర్రజెండా తీసి దాని పక్కన గుచ్చాడు.

"చూశావా," అంది ఆంటీ మెల్లగా, "వీళ్ళూ చోప్ చేస్తారు."

తర్వాత తన పొట్లం దులిపి సంచిలో వేసుకుంది. మధ్యాహ్నం భోజనానికి బల్ల పట్టాలి కదా.