నీడ బరువు

సైన్సు టీచరుకు పిల్లలు పెట్టిన పేరు భూతద్దం. తాళం వేశాక నాలుగడుగులు వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూసుకునే మనిషి ఆవిడ. పరీక్షల్లో బెంచీల వెనక పిల్లిలా నడుస్తుంది. ఎవరైనా దగ్గితే అది ఎవరికి సైగో అని చూస్తుంది. కాపీ కొట్టేవాళ్లను పట్టుకోవడానికి ఈసారి ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్న ఒకటి ఇరికించింది: చేపకు దాహం వేస్తే మనకెలా తెలుస్తుంది? అందరూ ఖాళీగా వదిలేశారు. చివరి బెంచీ అమ్మాయి మాత్రం, "చేప రోజంతా నోరు తెరిచి చెబుతూనే ఉంది. వినడానికి మునిగినవాళ్లు ఇంకా పైకి రాలేదు. రాగానే మీకు చెబుతాను" అని రాసింది. టీచరుకు నవ్వు రాబోయి, అనుమానం దగ్గర ఆగిపోయింది. సాయంత్రం ఆ పిల్లను స్టాఫ్‌రూముకు పిలిపించింది.

"ఎవరు చెప్పారే నీకిది?"

"ఎవరూ చెప్పలేదు టీచర్. నేనే రాశాను."

"అయితే నా కళ్లముందు ఇంకోటి రాయి. నీడ బరువెంత? రాయలేకపోతే సున్నా వేసి మీ అమ్మను పిలిపిస్తాను."

అమ్మాయి కాసేపు కలం మూత కొరికి, నెమ్మదిగా రాసింది: "మామూలుగా ఏమీ ఉండదు. టీచరు వెనక నిలబడితే మాత్రం కలం కదలనంత ఉంటుంది."

టీచరు వంగి రెండుసార్లు చదివింది. "ఇది కూడా ఎవరైనా..." అనబోయి ఆగింది. గదిలో ఉన్నది తామిద్దరే. కిటికీ ఎండకు తన నీడ ఆ కాగితం నిండా పరుచుకుని ఉంది. ఆవిడ పక్కకు జరిగి, ఎదురు కుర్చీలో కూర్చుని, ఎర్రకలం కోసం సంచీ వెతకసాగింది.