మింగిన రెండో మాట

ముఠా కక్షలు ముదిరిన ఆ ఏండ్లలో మా దిక్కు తప్పు చేసినానంటే మీరు వేటకొడవలో, నాటుబాంబో అనుకుంటారు. నేను ఎవర్నీ కొట్టలేదు, కొట్టించలేదు. ఒక ఆడపిల్ల రెండు మాటలు చెబితే ఒకటి చెప్పి, ఇంకోటి మింగినాను. అంతే. ఆ మింగిన మాట ఇన్నేండ్లుగా అరగలేదు. ఉద్యోగం అయిపోయింది, జుట్టు తెల్లబడింది. అది మాత్రం అట్లే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్తాండా.

ప్రొద్దుటూరులో కుట్టుపని నేర్పే ఒక శిక్షణ సంస్థలో పంతులుగా ఉంటి. చర్చివాళ్ల బడిలో చదివినందువల్ల నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. అదే నా గొప్ప, అదే నా ఖర్మ.

అప్పుడు చుట్టుపక్కల దేశాలు కలిసి ఒక పథకం పెట్టుకున్నాయి. మనం, శ్రీలంక, నేపాలు, బంగ్లాదేశు. ఒక దేశానికి బాగా తెలిసిన పనిని పక్క దేశం పిల్లలకు నేర్పల్ల. ఒకచోట ఇచ్చిన సర్టిఫికెట్టు అన్నిచోట్లా చెల్లల్ల. బట్టల ఫ్యాక్టరీ పనికి కొలంబోలో ఆర్నెల్ల శిక్షణ. తిరిగొచ్చినోళ్లు ఈడ ఇంకొందరికి నేర్పల్ల. మా ప్రాంతానికి రెండు సీట్లు వచ్చినాయి. పిల్లల్ని ఎంచడానికి కొలంబో నుంచే ఒక పెద్దాయన వచ్చినాడు. ఆయనకు తెలుగు రాదు, మా పిల్లలకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను.

సముద్రం అవతలోళ్లతో ఢిల్లీకి పొత్తు కుదిరింది. జమ్మలమడుగు దిక్కోళ్లకూ పులివెందుల దిక్కోళ్లకూ కుదిరి చావలేదు! రెండు సీట్లనేసరికి మావాళ్లకు చదువు కనపడలేదు, పంపకం కనపడింది. ఒకటి ఈ గుంపుకు, ఒకటి ఆ గుంపుకు. పైనున్న పెద్ద నాయకులకు ఈ సంగతి తెలిసి కూడా ఉండదు. వాళ్ల పేర్లు చెప్పుకొని జీపుల్లో తిరిగే పల్లె నాయకుల పంచాయితీ ఇది. చావుల్లోనే కాదు, కుట్టుమిషను దగ్గర గూడా రెండు పక్కలా సమానం కావల్లంట.

ఎంపిక రోజు పొద్దున్నే ఆ నాయకుల మనిషి ఒకడు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, మెల్లగా చెప్పిపోయినాడు. ఇద్దరు పిల్లోళ్ల పేర్లు ఖాయమైపోయినాయంట. మూడో మనిషి మధ్యలో దూరితే ఏదో ఒక పక్కకు సీటు పోతుంది, అప్పుడు మధ్యలో మాట మోసిన నా సంగతి వాళ్లే చూసుకుంటారంట. వాడు గొంతు పెంచలేదు. మా ఆవిడ కాఫీ బాగుందని గూడా అన్నాడు.

ఆ మూడో మనిషి రాహేలు. పేరు మార్చినాను. వీరపునాయునిపల్లె దగ్గర పల్లె. అమ్మానాయనా కూలికి పోతారు. ఏ గుంపూ కాదు. అదే ఆ పిల్ల చేసిన తప్పు. మా సంస్థలో అంత శుభ్రంగా కుట్టే పిల్ల ఇంకోరు లేరు. రాహేలు కుట్టిన కాలరును కొలంబో సారు కిటికీ వెలుగులో పెట్టి, తిప్పి తిప్పి చూసి నవ్వినాడు. ఆయన మనసులో ఒక సీటు నిండిపోయిందని నాకు అర్థమైంది. కాఫీ తాగిపోయినోడు గుర్తొచ్చినాడు.

ఆఖరున ఆయన అడిగినాడు, ఆర్నెల్లు అంత దూరంలో ఉండగలవా, ఇంట్లో పంపుతారా అని. నేను తెలుగులో అడిగినాను. రాహేలు నా ముఖం చూడలేదు, ఆయన ముఖమే చూసి చెప్పింది.

"మా నాయన వద్దంటాండాడు సార్. అయినా నేను వస్తా. మాయమ్మ పంపిస్తానంది."

నేను ఆయన దిక్కు తిరిగి, వాళ్ల నాయన వద్దంటున్నాడని చెప్పినాను. అక్కడే ఆపినాను.

అబద్ధం కాదు కదా? ఆ పిల్ల అన్న మాటే కదా? ఎన్నేండ్లు ఈ ఒక్క ముక్క పట్టుకొని నన్ను నేను జోకొట్టుకున్నానో! భయపడి ఆపినానా? భయమే. కానీ నిజం చెప్పల్లంటే, ఆ క్షణంలో భయం కంటే ముందు ఒక రకం సుఖం తోచింది. పని ఇంత సులువుగా అయిపోయిందే, ఎవరికీ తెలియకుండానే అయిపోయిందే అని. దాన్ని తలచుకుంటేనే నామీద నాకు చీదర.

కొలంబో సారు ముఖం చిన్నబోయింది. పరవాలేదమ్మా, తండ్రి మాట వినాల్సిందేలే అని ఇంగ్లీషులో మెత్తగా చెప్పినాడు. ఆ మెత్తదనం చూసి, తనను తీసుకున్నాడనుకొని, రాహేలు "థాంక్యూ సార్" అని దండం పెట్టింది. నేను ఆడనే నిలబడి ఉన్నా.

మరుసటి వారం, తనకు సీటు ఎందుకు రాలేదని నన్నే అడిగింది. మీ నాయన ఒప్పుకోలేదు కాబట్టి తీసుకోలేదని చెప్పినాను. ఇది మొదటిదానికంటే పెద్ద తప్పని అప్పుడు నాకు తట్టనే లేదు.

పోయినోళ్లేం ఉద్ధరించినారో అదీ వినండి. ఒకడు ఎలక్షన్లొచ్చినాయని వాళ్ల నాయకుడు పిలిస్తే శిక్షణ సగంలో వదిలి వచ్చేసినాడు. రెండోవాడు సర్టిఫికెట్టు తెచ్చి, పటం కట్టించి, జీపులో ముందు సీట్లో కూర్చున్నాడు. మిషను ముట్టిన పాపాన పోలేదు. ఆ మరుసటేడు పథకం ఇంకో జిల్లాకు పోయింది. ఈ దిక్కు ఆడపిల్లల్ని ఇండ్లల్లో బయటికి పంపరని పైవాళ్లు అనుకున్నారంట. ఎవరు చెప్పినారు వాళ్లకు? నేనే. ఒక మాట మింగి, ఇన్ని ఊళ్ల ఆడపిల్లల తరఫున జవాబు చెప్పేసినాను. శానా దినాలకు ప్రొద్దుటూరులో బట్టల ఫ్యాక్టరీ పడితే, పని నేర్పేవాళ్లను బయటినుంచి పిలిపించుకున్నారు. ఈడ తెలిసినోళ్లు లేరంట! తల యాడ కొట్టుకోవల్ల?

ఆ ఫ్యాక్టరీలోనే రాహేలు కుట్టుపనికి చేరింది. పోయిన నెల ఒక పెండ్లిలో కలిసింది. భోజనాల కాడ నా పక్కనే కూర్చొని, వాళ్లమ్మ సంగతి చెబుతా చెబుతా, వాళ్ల నాయన చచ్చిపోయేదాకా ఆయనతో తను మాట్లాడలేదని చెప్పింది. కొలంబో పోకుండా చేసినాడని. ఆయన మంచాన పడి పిలిస్తే గూడా పలకలేదంట. "ఆ పొద్దు మీరొక్కరే నా తరఫున మాట్లాడినారు సార్" అన్నది.

ఇస్తరి ముందు నుంచి లేచి, తనను పక్కకు పిలిచి చెప్పేసినాను. కాఫీ తాగిపోయినోడి సంగతి, మొదటి మాట, రెండో మాట, అన్నీ. క్షమించమని అడగలేదు. అడిగే నోరు యాడుంది?

రాహేలు గుమ్మం దిక్కు నడిచి, చెప్పుల కాడ ఆగింది.

"మా నాయన ఇప్పుడు లేడు సార్. నేనింక ఎవరితో మాట్లాడల్ల?" అని, చెప్పులేసుకొని పోయింది.

ఎప్పుడన్నా తను మళ్లీ ఎదురుపడితే ముఖం తిప్పుకుంటుంది. తిప్పుకోవల్ల. చెప్పినందుకు నా నోరు మాత్రం కాస్త తేలికయింది. అంతకుమించి నాకు రావాల్సిందేమీ లేదు.