నూనెడబ్బా పెదనాన్న

"చెవి మిషన్‌కి నూనె వేస్తారా ఎవరైనా? నువ్వే చెప్పు పెదనాన్నా, లోకంలో ఎవరైనా వేస్తారా?"

"కుయ్యిమంది తల్లీ. కుయ్యిమంటే ఊరుకోమంటావా?"

"ఊరుకోవాలి!"

"అది నా వల్ల కాదు."

గుమ్మం బయట సైకిలుకు స్టాండ్ వేస్తున్న తమ్ముడికి లోపలికి వెళ్లాలో, వచ్చిన దారినే జారుకోవాలో తేలలేదు. అక్క గొంతుకు పైకప్పు లేచిపోయేలా ఉంది. పెదనాన్న గొంతు మాత్రం తప్పు చేసినవాడి గొంతులా లేదు, అన్యాయమైపోయినవాడి గొంతులా ఉంది.

ఆయన సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ భూమ్మీద కిర్రుమనే హక్కు దేనికీ లేదని ఆయన నమ్మకం. తలుపు కానీ, కుర్చీ కానీ, బండి చక్రం కానీ, కిర్రుమంటే చాలు, ఆయన ప్రాణం గిలగిల్లాడిపోతుంది. కుట్టుమిషన్ల మెకానిక్కు. అందరి చొక్కా జేబులో పెన్నుంటుంది, ఆయన జేబులో సన్న ముక్కు నూనెడబ్బా ఉంటుంది. ఏ చొక్కా వేసినా గుండె ఉండే చోట అరచేతంత నూనె మరక. వీధిలో ఎవరికీ ఆయన అసలు పేరు గుర్తులేదు. నూనెడబ్బా అంటే చాలు, పలుకుతాడు.

ఎవరింటికైనా వెళ్తే మనుషుల్ని పలకరించడం తర్వాత. ముందు తలుపు బందుల్ని పలకరిస్తాడు. పెళ్లిలో అందరూ అక్షింతలు పట్టుకుని నిలబడితే, ఈయన వరుసగా కుర్చీలు తిరగేస్తుంటాడు. ఒకసారి తెలిసినాయన్ని ఆపరేషన్‌కని చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే అడ్డం పడ్డాడు. "ఒక్క నిమిషం ఆపండి."

"ఏంటండీ, రోగికి చివరి మాటేమైనా చెప్పాలా?" అన్నాడు తోసేవాడు కంగారుగా.

"రోగికేం లేదు బాబూ. ఎడమ చక్రానికి."

పక్కింటి ముసలాయన ఓ రోజు అరుగు మీద కూర్చుని, "ఏంటోనోయ్, మోకాళ్లు ఒకటే కటకటమంటున్నాయి" అన్నాడు. పెదనాన్న చెయ్యి జేబులోకి వెళ్లింది. ఆ ముసలాయన అంత వేగంగా లోపలికి పరుగెత్తగలడని ఆ రోజే వీధికి తెలిసింది.

"మనింటికి దొంగొస్తే వాడికి కష్టమే లేదు" అనేది అక్క. "తలుపు చప్పుడవదు, బీరువా చప్పుడవదు. పోతూ పోతూ పెదనాన్నకో దండ వేసి పోతాడు."

అమ్మానాన్నలు పోయాక అక్కాతమ్ముళ్లిద్దర్నీ పెంచింది ఆయనే. బావ లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి పెళ్లయ్యాక కూడా అక్క ఇక్కడే ఉండి, ముందు గదిలో బట్టలు కుడుతుంది. అక్కకు చిట్టి పుట్టాక ఆయన నూనె పిచ్చికి పగ్గాల్లేకుండా పోయాయి. పసిపిల్ల నిద్ర చెడకూడదు కదా! ఉయ్యాల కొక్కేనికి నూనె, ఫ్యానుకు నూనె, తలుపులన్నిటికీ మళ్లీ నూనె. అక్క కుట్టుమిషన్ విప్పదీసి, మళ్లీ బిగించి, వెన్నలో దారం లాగినట్టు నడిచేలా చేశాడు. చిట్టి నిద్రపోయేది. పక్కింట్లో గోడలు పగలగొడుతున్నా రెప్ప కదిలేది కాదు.

"చూశావా? అంతా నా నూనె మహిమ" అని మీసం దువ్వుకునేవాడు.

నూనె మహిమ కాదని తెలిసేసరికి పిల్లకు రెండేళ్లు దాటాయి. ఓ రోజు చిట్టి ముందు గదిలో ఖాళీ దారం రీళ్లని ఒకదాని మీదొకటి పేరుస్తోంది. వెనకాల వంటింట్లో అటక మీంచి ఇత్తడి బిందె దబ్బున పడింది. తమ్ముడు గాలిలోకి లేచాడు. అక్క సూది వేలికి గుచ్చుకుంది. చిట్టి మాత్రం ఇంకో రీలు తీసి, జాగ్రత్తగా పైన పెట్టింది.

బిందె దొర్లడం ఆగిపోయాక అక్క పిల్ల వెనకాల నిలబడి చప్పట్లు కొట్టి చూసింది.

చెవుల క్లినిక్‌లో పరీక్షలు చేశారు. రెండు చెవులకూ మిషన్లు పెట్టాలన్నారు. మెలకువగా ఉన్నంతసేపూ అవి చెవులకుంటేనే పిల్లకు మాటలొస్తాయట. పెట్టకుండా గడిచిన ప్రతి రోజూ మాటను వెనక్కి నెడుతుందట. పరీక్ష చేసిన మేడమ్ ఇదంతా చెబుతుండగా ఎవరో లోపలికొచ్చారు. తలుపు కిర్రుమని గది అదిరిపోయేలా అరిచింది. తమ్ముడు పెదనాన్న వైపు చూశాడు. ఆయన చెయ్యి జేబు దగ్గరికి వెళ్లనే లేదు.

చిట్టి చెవుల్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చులు తీశారు. ఆ కొలతకు తయారైన మిషన్లు పెట్టిన రోజు పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. ఫ్యాను వైపు చూసింది, అమ్మ నోటి వైపు చూసింది, తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

"మొదట్లో ఇంతేనండీ" అంది మేడమ్. "ప్రశాంతంగా ఉన్న గదిలో కాసేపు పెట్టండి, రోజురోజుకూ పెంచండి. ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించండి. దానికి అర్థం తెలిస్తే తనే ఇష్టపడుతుంది."

చెప్పడం సులువు. చిట్టి వాటిని పీకి గుడ్డపీలికల గుట్టలో పడేసేది, బియ్యం డబ్బాలో పాతిపెట్టేది. ఓసారి ఎవరిదో చొక్కా జేబులో పెడితే, అది కుట్టిన బట్టలతో సహా వాళ్లింటికి వెళ్లిపోయి, మళ్లీ తిరిగొచ్చింది. అక్క పెట్టడం, పిల్ల పీకడం. పెడితే ఏడుపు పిల్లది, పీకితే ఏడుపు అక్కది. ఈ మధ్య కొత్తగా అవి చెవిలో కుయ్యిమని ఈల వేయడం కూడా మొదలుపెట్టాయి.

ఆ ఈలకే పెదనాన్న తన పద్ధతిలో మందు వేశాడు. చెవిలో దూరే అచ్చుకుండే సన్న గొట్టంలో ఒకే ఒక్క చుక్క. దాని మీదే ఇప్పుడీ యుద్ధం.

"మేడమ్ గొట్టం మార్చి పంపింది కాబట్టి సరిపోయింది" అంటోంది అక్క లోపల. "ఏమందో తెలుసా? 'నూనె కాదండీ కావలసింది, పిల్ల ఎదిగింది, అచ్చు వదులై ఈల వేస్తోంది, కొత్తది చేయించాలి' అని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది."

"ఎదిగిందా?" అన్నాడు పెదనాన్న. తిట్లలో ఆయనకు వినబడింది ఆ ఒక్క మాటే. "మంచిదేగా!"

దాంతో అక్కకు ఒళ్లు మండింది. "మంచిదా? ఈ ఇంట్లో ఒక్క తలుపు కిర్రుమనుంటే, పిల్ల తిరిగి చూడట్లేదని ఎప్పుడో తెలిసుండేది మనకి!"

మాట జారాక అక్క నాలుక కరుచుకుంది. పెదనాన్న నూనెడబ్బా తీసి, మూత గట్టిగా బిగించి, మళ్లీ జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. గుమ్మంలో తమ్ముణ్ణి చూసి, "అన్నం తిన్నావురా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు.

కొన్నాళ్లకు ఆ ఇంట్లో వింత మొదలైంది. ముందు వంటింటి తలుపు మూలిగింది. తర్వాత స్నానాలగది తలుపు సన్నగా ఏడవసాగింది. వీధి గేటైతే ముసలి గేదెలా అరిచింది. వీధంతా ముక్కున వేలేసుకుంది.

"ఏం నూనెడబ్బా, సరుకు అయిపోయిందా? మా ఇంట్లో కొబ్బరినూనె ఉంది, పంపించనా?" అన్నాడు పక్కింటి ముసలాయన, దూరంగా నిలబడే.

పెదనాన్న నవ్వి ఊరుకున్నాడు. "వయసు మీద పడిందిరా, మర్చిపోతున్నాడు" అని అక్క తమ్ముడి దగ్గర బెంగపడింది.

ఓ మధ్యాహ్నం అక్క కుట్టిన బట్టలివ్వడానికి వెళ్లినప్పుడు తమ్ముడు పెరటివైపు నుంచి వచ్చాడు. పెదనాన్న వంటింటి తలుపు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. కిరసనాయిలు గుడ్డతో బందులు తుడిచి, వేలితో ఇటుక పొడి అద్దుతున్నాడు. తలుపు తీశాడు, వేశాడు, తల అడ్డంగా ఊపాడు, ఇంకాస్త పొడి అద్దాడు.

"ఏం చేస్తున్నావ్ పెదనాన్నా?"

"హుష్! గొంతు సరిచేస్తున్నా. ఇది లావుగా పలకాలి. స్నానాలగదిది సన్నగా. గేటుది బొంగురుగా. ఏది ఏదో పిల్లకి తెలియద్దూ?"

చిట్టి అవతలి గదిలో అటు తిరిగి దారం రీళ్లతో ఆడుతోంది. చెవులకు మిషన్లున్నాయి. పెదనాన్న తలుపు తోశాడు. కిర్ర్ ర్ ర్. పిల్ల భుజాలు ముడుచుకున్నాయి, చెయ్యి చెవి వైపు లేచింది. ఆయన తలుపు వేసి, మళ్లీ తోశాడు. చిట్టి చెయ్యి దారిలోనే ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది. తలుపు సందులోంచి పెదనాన్న మొహం, చెవి మీద వేలు, నోరారా నవ్వు.

"వినబడిందా బంగారూ? ఎవరూ? తాత!"

పిల్ల కిలకిలా నవ్వి, పరుగెత్తుకొచ్చి తలుపు మూసేసింది. మళ్లీ తియ్యమని.

"మీ అక్కకి చెప్పకు" అన్నాడాయన తలుపు తీస్తూ. "నేను మర్చిపోతున్నాననుకుంటే తిట్టుకుంటుంది, తిట్టుకోనీ. ఆ రోజన్న మాట నేను పట్టించుకున్నానని తెలిస్తే ఏడుస్తుంది."

తమ్ముడు చెప్పలేదు. చెప్పే పని కూడా పడలేదు. ఓ పొద్దున అక్క కుట్టుమిషన్ మీద ఉండగా చిట్టి తన చెవి మిషన్ల డబ్బా రెండు చేతులతో మోసుకొచ్చి ఒళ్లో పెట్టింది. తల పక్కకి వంచి చెవి చూపించింది. అక్క సూది కింద గుడ్డ అలాగే వదిలేసి వాటిని పెట్టింది. పిల్ల తిన్నగా వంటింటి తలుపు దగ్గరికి పోయి దాన్ని లాగింది. లాగి, అమ్మ వైపు తిరిగి, "కిల్ల్ ల్ ల్" అంది.

అమ్మ అనలేదు, అత్త అనలేదు. మొదటి మాట తలుపు భాషలో మాట్లాడింది.

అక్క లేచి వెళ్లి పిల్లను ఎత్తుకుంది. తలుపు బందు మీద వేలు రాసి చూసింది. వేలికి ఎర్రగా ఇటుక పొడి. పెదనాన్న పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పెదనాన్నా" అంది అక్క ముక్కు ఎగబీల్చి, "దీని గొంతు కాస్త తగ్గించు. చుట్టాలొస్తే పారిపోయేలా ఉన్నారు."

"తగ్గిస్తాలే తల్లీ."

అంతటితో ఆయనకు తృప్తి కలగలేదు. సాయంత్రం తమ్ముడు బజారుకు బయల్దేరుతుంటే గేటు దాకా వెంటబడి వచ్చాడు, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఇంట్లో ప్రతిదానికీ చప్పుడుంది, నాకే లేదు. పిల్లిలా వెనకాల్నుంచి వెళ్తే పిల్ల ఉలిక్కిపడుతోంది. నాకో జత కిర్రు చెప్పులు చూసి పెట్టు. దుకాణంలో వేసుకుని నడిచి, బాగా కిర్రుమంటేనే తీసుకురా."