గోడ మీద మొలిచిన నెమలి

నా చిన్నప్పుడు, ధర్మాబాద్ దగ్గర మా ఊళ్ళో, ఎవరి గోడ మీద బొమ్మ ఉండవచ్చో కూడా పటేలు ఇంటివాళ్ళే చెప్పేవారు. వాళ్ళ వాకిలికి అటూ ఇటూ రంగుల ఏనుగులుండేవి. మాలాంటి కూలివాళ్ళ ఇళ్ళకు పేడా ఎర్రమన్నూ చాలట. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాయనమ్మ ఆ కట్టడిని ఏనాడూ లెక్కచేయలేదు. ఆ ఏడు దసరా ముందు గోడ అలికి, వాగు ఒడ్డున దొరికే తెల్లసుద్ద నానబెట్టింది. ఎర్రజాజు నూరింది. పెనం అడుగున మసి గీకి నలుపు చేసింది. ఈతపుల్ల చివర నమిలితే అదే కుంచె. పైసా ఖర్చు లేకుండా వాకిలి పక్కన నా అంత ఎత్తు నెమలి నిలబడింది. ఈకల మీద చుక్కలు నాచేత పెట్టించింది. అవి వంకర పోతే నవ్విందే తప్ప చెరపలేదు.

మర్నాడే పటేలు వ్యవహారాలు చూసే కారభారి వచ్చాడు. రేపు సాయంత్రంలోగా బొమ్మ పోవాలన్నాడు. లేకపోతే మా నాయన పటేలు చేలో పనికి రానక్కరలేదన్నాడు. ఆ పని తప్ప మాకు వేరే ఆధారం లేదు. నాయన తల వంచుకున్నాడు. నాయనమ్మ, అట్లనే దొరా, తుడిపేస్త అంది.

నాకు ఏడుపూ కోపమూ ఆగలేదు. నువ్వు పిరికిదానివని ఆమె మొహం మీదే అన్నాను. ఆమె వెళ్ళి జొన్నలు నానబెట్టింది.

తెల్లవారితే ఘటం పెట్టే రోజు. నవరాత్రుల మొదటిరోజు మావైపు దేవి ముందు మట్టిలో ధాన్యం చల్లి, నడుమ కలశం పెడతారు. పండుగనాటికి ఆ ధాన్యం మొలకెత్తుతుంది. నాయనమ్మ ఘటానికి నానబెట్టిన జొన్నల్లో సగం పక్కకు తీసింది. నెమలి మీద తడిమట్టి మందంగా మెత్తింది. ఆ మట్టిలో, లోపలి గీతలన్నీ చేతికి గుర్తున్నట్టే, జొన్నలు ఒక్కొక్కటే గుచ్చి పైన పేడ పలుచగా పూసింది. చుక్కల పని మళ్ళీ నాకే ఇచ్చింది. సాయంత్రం కారభారి వచ్చి, బోసిగోడ చూసి, తృప్తిగా వెళ్ళిపోయాడు.

రెండు పూటలా గోడ మీద నీళ్ళు చిలకరించడం నా పని. ఐదో రోజుకు పచ్చని మెడ కనబడింది. ఏడో రోజుకు నా వంకర చుక్కలతో సహా పింఛం మొత్తం లేచింది. వాడకట్టంతా వచ్చి చూసింది.

ఎనిమిదో రోజు కారభారి మండిపడుతూ వచ్చి అంతా పీకెయ్యమన్నాడు. నాయనమ్మ గోడ పక్కన నిలబడింది.

"రంగుల బొమ్మ వద్దన్నరు, తీసేసిన. ఇవి ఘటం జొన్నలు దొరా, దేవి మొలకలు. పండుగ దాటేదాక నేనైతే ముట్ట. మీకు ధైర్యముంటే మీరే పీకుండ్రి."

అతను చెయ్యి చాచాడు. వాడకట్టంతా చూస్తోంది. ఆ చెయ్యి గోడకు జానెడు దూరంలో ఆగిపోయింది. తర్వాత అతను ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

దసరా నాడు అందరూ మా గోడ నుంచే మొలకలు తీసుకుని కొప్పుల్లో, తలపాగాల్లో పెట్టుకున్నారు. మర్నాడు మా నాయన ఆ తలపాగాతోనే పటేలు చేలోకి నడిచాడు. ఎవరూ ఆపలేదు. మరుసటి ఏడు వాడలో ప్రతి గోడ మీదా ఒక నెమలి మొలిచింది.

ఇప్పుడు నాందేడ్‌లో మా అబ్బాయిది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టొద్దు, రంగు వెయ్యొద్దు అంటాడు యజమాని. నేను మా నాయనమ్మలాగే సరేనంటాను. ఘటం రోజు పాత గోనెపట్టాకు మట్టి మెత్తి, నెమలిలా జొన్నలు గుచ్చి, వాకిట్లో గోడకు ఆనిస్తాను. ఆమెను పిరికిది అన్న నోరు ఇంకా నాకు చేదుగానే ఉంది. ఎవరైనా వద్దు అంటే చాలు, ఈ వయసులోనూ నా చెయ్యి నానబెట్టిన జొన్నల కోసం వెతుకుతుంది.