కదిలే పన్ను

కరోనా పోయి ఊరంతా మాస్కులు తీసేసినా, దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో పనిచేసే జోస్నా మాత్రం తీయలేదు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి. చిగుళ్ల జబ్బుతో ముందుపళ్లు దేని దారి అది చూసుకున్నాయి. దుమ్ము పడదేమో అనుకునేవారు గిరాకీలు. ఆమె కూడా అవునని తలూపేది.

ఎల్బీనగర్‌లో పళ్ల డాక్టరు సింధూర ముందు ఏడు నెలలు చిగుళ్లకే వైద్యం చేసి, ఆ తర్వాతే పళ్లను వరసకు తెచ్చే తీగలు వేసింది. వెళ్లినప్పుడల్లా సన్నటి పుల్లలాంటి పరికరంతో పన్నుకూ చిగురుకూ మధ్య లోతు కొలిచి అంకెలు పైకి చెబుతుంది, నర్సు రాసుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. ఐదు వస్తే జబ్బు తిరగబెట్టినట్టే. ఇంకా పెరిగితే పన్ను దక్కదు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి, చీర ఐదున్నర మీటర్లని చెప్పాల్సి వచ్చినా జోస్నాకు గుండె జారేది.

తీగలు వేసిన ఐదో నెలలో పై ముందుపన్ను ఒకటి నాలుక తగిలితే కదిలింది. వాళ్లమ్మ ఎలీశమ్మకు నలభై దాటకుండానే బోసినోరైంది. మన్సూరాబాద్ ఇంట్లో ఆ అమ్మే సలహా ఇచ్చింది.

"కదిలే పన్నును ముట్టకు బిడ్డా. బ్రష్ తాకితే ఊడొస్తది. ఉప్పునీళ్లు పుక్కిలించు, సాలు."

పళ్లన్నీ పోగొట్టుకున్న మనిషి దగ్గర పళ్ల సలహా తీసుకున్న తెలివి జోస్నాది. భయం ముందు ఎవరి తెలివి మాత్రం నిలుస్తుంది లెండి. మూడు వారాలు ఆ పన్ను జోలికే పోలేదు. చర్చిలో పాట కూడా పెదాలు బిగించుకునే పాడింది.

కొలిచే రోజు వచ్చింది. రెండు, మూడు, మూడు. పుల్ల ఆ పన్ను దగ్గర ఆగింది.

"ఐదు. రక్తం కూడా వస్తోంది."

జోస్నా కన్నీళ్లు చెవుల్లోకి జారాయి. అడగకముందే అంతా చెప్పేసింది. సింధూర కోప్పడలేదు. చోటు మారే పన్ను కాస్త కదలడం మామూలేనని, తోమక పాచి పట్టి చిగురు వాచిందని చెప్పి శుభ్రం చేసింది. ఈ నెల తీగ బిగించనంది.

"తోమితే ఊడదా మేడం?"

"తోమితే ఊడదు. తోమకపోతే మాత్రం నేను మాటివ్వలేనండీ."

మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడి ఆ పన్ను మీద బ్రష్ పెట్టింది. నురగ ఎర్రబడింది. వెనక నుంచి ఎలీశమ్మ వద్దు బిడ్డా అంటూనే ఉంది. జోస్నా ఆపలేదు. ఇవాళ ఊడుతుంది, ఇవాళ ఊడుతుంది అనుకుంటూనే నెలంతా తోమింది.

మళ్లీ అదే కుర్చీ. ఈసారి తల్లి కూడా వెంట వచ్చి బయట కూర్చుంది. పుల్ల ఆ పన్ను దగ్గరికి రాగానే జోస్నా కళ్లు మూసుకుంది.

"మూడు."

పరికరం నోట్లో ఉండగానే ఆమె ఏదో అనబోయింది. డాక్టరు తీసి, ఏమిటని అడిగింది.

"ఇంకొకసారి కొలువుండ్రి మేడం. మా అమ్మ బయట కూసున్నది. ఆమెకు ఇనబడేటట్టు జర గట్టిగ చెప్పుండ్రి."