తాగే నీళ్ళకు ఉప్పు శాతం రాసిన రోజు

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో నేను పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌ని. రైతులు పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్ళు పట్టుకొస్తారు. ఉప్పు ఎంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది అని మేం రాసిచ్చే కాగితం చూసుకునే చెరువులో ఏం చల్లాలో తేల్చుకుంటారు. నా చేతిరాత ఉంటే చాలు, రెండోసారి అడగని వాళ్ళు ఉన్నారు. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ ఏడు దాళ్వా వరి కోతలప్పుడు, ఎండలు ముదిరే రోజుల్లో మొదలైంది. ఏం జరిగిందని తర్వాత అందరూ అడిగారు. ఏమీ జరగలేదు. మా ఆయన చేపల మేత డిపోలో పనిచేస్తారు, నెమ్మదైన మనిషి. అత్తయ్య మాతోనే ఉంటుంది, నన్ను పల్లెత్తు మాట అనదు. పాప మూడో తరగతి. చెప్పుకోవడానికి ఒక కష్టమైనా ఉంటే బాగుండేది. పొద్దున లేవడం, స్నానం చేయడం, చీర కట్టుకోవడం ఒక్కొక్కటీ విడివిడి పనులైపోయాయి. ఒకటి అయ్యాక రెండోది ఎందుకు చేయాలో తెలిసేది కాదు. అయినా చేసేదాన్ని.

ఒకరోజు పాప బడి నుంచి పరుగెత్తుకొచ్చి అరచేయి చాపింది. ముందు పన్ను ఊడింది. నోటి నిండా నవ్వు, పెదవి మీద కొంచెం రక్తం. నేను చూశాను. ఏదో ఒకటి అనాలని తెలుసు. "పడేసి చేతులు కడుక్కో" అన్నాను. పాప నవ్వు మెల్లగా మూసుకుపోయింది. అది చూసి కూడా నాకేమీ అనిపించలేదు. బాధ లేదు, తప్పు చేశానన్న భావన కూడా లేదు.

గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తయ్య అంతా చూసింది. మర్నాడు మా వీధి ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నీరసం అన్నాడు, సెలైన్ ఎక్కించాడు. ఆ వారమే పిఠాపురం గుడికి కూడా తీసుకెళ్ళింది. నా కోసం ఆవిడ ఆ నొప్పుల మోకాళ్ళతో గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసింది. నేను వెనకాలే నడిచాను. ఆవిడ మీద జాలి కలగాలి కదా అనుకున్నాను, కలగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మొదటిసారి ఆ ఆలోచన వచ్చింది. నేను లేకపోతే వీళ్ళకి ఈ తిరుగుడు ఉండదు. భయం వేయలేదు. కూరలో ఉప్పు సరిపోయింది అనుకున్నంత మామూలుగా వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చేది.

ల్యాబులో నా పని చూసి ఎవరూ ఏమీ అనలేదు. అలవాటైన చేతులు వాటంతట అవే కదిలేవి. కొన్నాళ్ళకి అవీ ఆగాయి. పరీక్ష గొట్టంలో మందు చుక్కలు వేస్తుంటే రంగు మారిందో లేదో చూడబుద్ధి కాలేదు. ఒక సీసా తీసుకుని, మూత తీయకుండానే కాగితం మీద అంకెలు రాసేశాను. ముందు వారం ఆ రైతుకి ఎంత వచ్చిందో గుర్తుంది, దానికి కాస్త అటూ ఇటూ. ఆ రోజు మూడు సీసాలకి అలాగే రాశాను.

మర్నాడు పదకొండు గంటలకి ఒక రైతు వచ్చాడు. యాభై ఐదు దాటిన మనిషి, పొడుగ్గా ఉంటాడు, తెల్ల మీసం, గొంతు పెద్దది. ఆయన ల్యాబులోకి వస్తే నీళ్ళు మోసే ఆవిడ కూడా పక్కకి జరిగేది. నేను బాబాయిగారండి అని పిలిచేదాన్ని. ఆయన నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, నా కాగితం, సీసా బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఈ రిపోర్టు మీరు రాసిందేనాండి?"

"అవునండి."

"నిన్న మా ఆవిడ పొరపాటున మంచినీళ్ళ సీసా ఇచ్చి పంపిందమ్మా. చెరువు నీళ్ళ సీసా ఇంట్లోనే ఉండిపోయింది. మీరేమో మేం తాగే నీళ్ళల్లో పన్నెండు ఉప్పు, అమ్మోనియా ఉన్నాయని రాశారు."

ఓనరు లోపలి గదిలో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఈయన ఇప్పుడు గట్టిగా అరుస్తాడు, ఓనరు బయటికి వస్తాడు, నా ఉద్యోగం పోతుంది. ఇవన్నీ వరసగా తెలుస్తున్నాయి. ఏదీ నాకు జరుగుతున్నట్టు లేదు.

"పరీక్ష చేయలేదండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు. ఆ గొంతు తగ్గుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నిద్ర పడతందామ్మా?"

"పడుతుందండి. లేచాక కూడా నిద్రలోనే ఉన్నట్టుంటుంది."

"ఏడుపొస్తందా?"

"రావట్లేదండి."

"ఆఁ. నాకూ రాలేదు" అన్నాడు. "మా తమ్ముడు పోయాడు. అందరూ ఏడుస్తన్నారు, నేను షామియానా వాడితో కుర్చీల గురించి మాట్లాడతన్నాను. గుండె గట్టిదన్నారందరూ. ఏడాది అలాగే ఉన్నాను. చెరువు గట్టు మీద నిలబడితే నీళ్ళకి గాలి కొట్టే ఇంజన్లు తిరగతన్నాయో ఆగిపోయాయో తెలిసేది కాదు." చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి, బల్ల మీద అరచేయి అడ్డం పెట్టి నాకు మాత్రమే కనపడేలా చూపించాడు. "రాజమండ్రిలో మనసు డాక్టరు గారున్నారు. ఆవిడ రాసినవే ఇవి. మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఇప్పుడు మీకు తెలిసింది."

ఆయన అక్కడే ఫోన్ తీసి డాక్టరు గారి క్లినిక్‌కి చేసి, ఎల్లుండికి నా పేరు రాయించాడు. ఆ తర్వాత, "మీ వారికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాడు.

"మీరే చెప్పండి" అన్నాను. నా అంతట నేను ఆ మాటలు పోగు చేసుకోగలిగేదాన్ని కాదు.

మా ఆయన డిపో నుంచి బండి మీద వచ్చారు. ల్యాబు బయట, నీడలో ముగ్గురం నిలబడ్డాం. సంగతి వినగానే ఆయన మొహం మాడిపోయింది. "అంటే పిచ్చి డాక్టరు దగ్గరికాండి?" అన్నారు.

"నేను పిచ్చోడిలా కనపడతన్నానా?" అన్నాడు రైతు.

మా ఆయన తల దించుకున్నారు. "ఏ బండికి వెళ్ళాలండి?" అని మాత్రం అడిగారు.

ఆ మధ్యాహ్నం ఓనరుకి నిజం చెప్పేశాను. ఆయనకి కోపం వచ్చింది, రావాల్సిందే. మిగతా ఇద్దరు రైతులకి ఫోన్ చేసి మళ్ళీ నీళ్ళు తెప్పించారు. అదృష్టం, ఎవరూ అప్పటికి ఏమీ చల్లలేదు. నన్ను సెలవు పెట్టమన్నారు.

రాజమండ్రికి రైల్లో వెళ్ళాం. గోదావరి బ్రిడ్జి దాటుతుంటే మా ఆయన నా మణికట్టు పట్టుకున్నారు, దాటాక వదిలేశారు.

డాక్టరు గారు సన్నగా, మా అత్తయ్య వయసులో ఉన్నారు. చాలా ప్రశ్నలు అడిగారు, తొందర పెట్టలేదు. చివరికి పెన్ను పక్కన పెట్టి, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందామ్మా?" అన్నారు. జ్వరం ఎన్నాళ్ళ నుంచి అని అడిగినట్టే అడిగారు.

"చావాలని కాదండి. నేను లేకపోతే బాగుండునని."

"ఎంత తరచుగా?"

"రోజూ అండి."

పైకి అన్నది అదే మొదటిసారి. గోడ కూలలేదు, ఆవిడ ఉలిక్కిపడలేదు. తల ఊపి రాసుకున్నారు. ఇది జబ్బని, దీనికి మందు ఉందని, తగ్గుతుందని చెప్పారు. నన్ను అడిగి మా ఆయన్ని లోపలికి పిలిచి అదే మాట ఆయనకీ చెప్పారు. కొన్నాళ్ళు నన్ను ఒంటరిగా వదలొద్దన్నారు. మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని, ఆ ఆలోచన ఎక్కువైతే టైము చూడకుండా ఫోన్ చేయమని చెప్పారు.

స్టేషన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు మా ఆయన అన్నారు, "అన్నం తిన్నావా అని రోజూ అడిగాను. ఇది మాత్రం అడగలేదు."

"అడిగినా చెప్పేదాన్ని కాదేమోనండి" అన్నాను. అది ఆయన్ని ఓదార్చడానికి అనలేదు. నిజమే అన్నాను.

మొదటి మూడు వారాలు ఏమీ మారలేదు. నోరు ఎండిపోయేది, మధ్యాహ్నాలు మొద్దు నిద్ర. ఒక వారం ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను కూడా. డాక్టరు గారికి చెప్తే తిట్టలేదు, మందు మార్చారు. అత్తయ్య నన్ను కనిపెట్టుకుని ఉండేది. నేను పెరట్లోకి వెళ్తే పెరట్లోకి, మేడ మీదికి వెళ్తే ఆ మోకాళ్ళతోనే మేడ మీదికి వచ్చేది. తులసికి నీళ్ళు పోయాలనో, వడియాలు చూడాలనో ఏదో ఒక వంక చెప్పేది.

అందరూ అనుకున్నట్టు ముందుగా సంతోషం తిరిగి రాలేదు. చిరాకు వచ్చింది. ఒకరోజు అత్తయ్య టీవీ సౌండు పెంచి పెట్టుకుంటే, "అబ్బ, కాస్త తగ్గించండి అత్తయ్యా, చెవులు పోతున్నాయి" అని కసిరాను. ఆవిడ టీవీ కట్టేసి, రిమోట్ చేతిలో పట్టుకునే మా ఆయనకి ఫోన్ చేసింది. "ఒరేయ్, అమ్మాయి నన్ను కసురుకుందిరా" అంది. ఆవిడ గొంతులో అంత సంబరం నేనెప్పుడూ వినలేదు.

రెండు నెలలకి పనిలో చేరాను, మొదట ఒక పూటే. ప్రతి సీసాకీ నా పక్కన ల్యాబులోని ఇంకో అమ్మాయి నిలబడి చూడాలని నేనే అడిగాను. ఓనరు ఒప్పుకున్నాడు. ఇంకా మాత్రలు వేసుకుంటున్నాను. కొన్ని రోజులు పొద్దున లేచేసరికి ఒళ్ళు మళ్ళీ బరువుగా, లోకం దూరంగా ఉంటుంది. అప్పుడు ఆ మాట మా ఆయనకి చెప్తాను. ఆయన లేకపోతే అత్తయ్యకి చెప్తాను. చెప్పినందుకు తగ్గిపోదు. కానీ ఆ రోజు ఎవరో ఒకరు నా పక్కన ఉంటారు.

పోయిన నెల రాజమండ్రికి మొదటిసారి ఒక్కదాన్నే వెళ్ళాను. ఇక రెండు నెలలకోసారి వస్తే చాలన్నారు డాక్టరు గారు. బయటికొచ్చాక ఆకలేసింది. స్టేషన్ ఎదురుగా హోటల్లో పెసరట్టు చెప్పి కూర్చున్నాను. అల్లం పచ్చడి ఘాటుగా ఉంది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇంకో అట్టు కూడా తెమ్మన్నాను.