నా కాల్ కోసం అత్తమ్మ ప్రార్థన

ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ కాల్స్‌లో కస్టమర్లతో మాట్లాడటం నా ఉద్యోగం. నా గొంతు తెగితెగి వినిపిస్తోందని ఫిర్యాదులు పెరగడంతో, ఈ రోజు సాయంత్రం మేనేజర్ స్వయంగా కాల్ చేసి చూస్తానన్నారు. బాగా లేకపోతే మెదక్ వదిలి హైదరాబాద్ ఆఫీసుకు రావాల్సిందేనట.

మధ్యాహ్నమంతా తంటాలు పడి, అన్నిటికంటే ముందు కాల్స్‌కే దారి ఇచ్చేలా రౌటర్‌లో సెట్టింగ్ మార్చాను. పిల్లల కార్టూన్లు ఆగి ఆగి వచ్చాయి. వాళ్లు ఏడుస్తుంటే, సెట్టింగ్ పనిచేస్తోందని నాకు గర్వంగా అనిపించింది, నిజం చెప్పొద్దూ!

ఆరింటికి మేనేజర్ కాల్ చేశారు. రెండు నిమిషాలకే "హలో, హలో" మొదలైంది. మ్యూట్ నొక్కి, హెడ్‌సెట్‌తోనే ముందు గదిలోకి పరిగెత్తాను. అక్కడ అత్తమ్మ నెత్తిన కొంగు కప్పుకుని ఫోన్ ముందు కూర్చున్నారు. తెర నిండా చర్చి ఆడవాళ్లు. వీడియో కాల్‌లో ప్రార్థన. నా సెట్టింగ్ లెక్కలో అదీ ఒక కాల్ కదా, దానికీ ముందు దారి ఇచ్చేసింది!

"అత్తమ్మా, జర కట్ చేయుండ్రి. మా మేనేజర్‌కు నా మాట ఇనపడ్తలేదు."

"అయ్యో, గట్లనా బిడ్డా? మాకైతే ఇయ్యాల మస్తు క్లియర్‌గ వస్తుంది. నీ కాల్ మంచిగ కావాలెననే అందరం ప్రార్థన చేస్తున్నం. నడుమల ఎట్ల ఆపుతం?"

రామాయంపేట నుంచి ఒకామె నా ఉద్యోగం నిలబడాలని వేడుకుంటోంది. ఒక్క అక్షరం తెగలేదు. నా చెవిలో మాత్రం మేనేజర్ ఇంకా "హలో" అంటూనే ఉన్నారు.

మీరైతే ఆ కాల్ కట్ చేసేవారా? నేను మాత్రం కొంగు కప్పుకుని కళ్లు మూసుకున్నాను.